లామినేషన్ చేయించిన చీటీ

అక్టోబరు, మంగళవారం.

ధవళేశ్వరం దగ్గర సత్యనారాయణ గారి చేనుకు వెళ్లొచ్చాను. దుబ్బుల రసం పీల్చే సుడిదోమ పోటుకు వరి గుండ్రంగా, మచ్చలు మచ్చలుగా మాడిపోయింది. నాలుగుసార్లు మందు కొట్టారట. ఏ మందని అడిగితే పర్సులోంచి లామినేషన్ చేయించిన చీటీ తీశారు.

"మీరు రాసిచ్చిందేనండి, పదేళ్ల కిందట రైతు సదస్సులో. అప్పుడు దోమంతా రాలిపోయిందండి. ఇప్పుడేంటో, డోసు రెట్టింపు చేసినా చావట్లేదు."

దస్తూరీ నాదే. దోమ ఆ మందుకు అలవాటుపడిపోయిందని ల్యాబులో తేల్చిందీ నేనే. ఆరేళ్లయింది. ఇంగ్లీషులో పేపరు రాశాను, ప్రమోషన్ వచ్చింది. ఆ ఊరు మాత్రం మళ్లీ వెళ్లలేదు.

"ఇది ఇంక పనిచెయ్యదండి. ముందు చేలో నీళ్లు తీసేయండి" అని, మందు పేరు కొట్టేద్దామని పెన్ను తీశాను. ప్లాస్టిక్ మీద గీత పడలేదు.

ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. "పోనీలెండి, దీని జిరాక్సులు చాలామంది దగ్గరున్నాయి. వాటి మీదైతే పడుద్దండి" అన్నారు.

ఎవరెవరి దగ్గరని అడిగాను. చెయ్యెత్తి మేం నిలబడ్డ గట్టు నుంచి కాలవ అవతలి చేల దాకా చూపించారు.