కుట్లు బయటికి ఉన్న ఏడు గౌన్లు

మేడ మీద వాటాలో బట్టలు కుట్టుకుని బతికే నేను, ముప్పై తొమ్మిదేళ్లు నిండినదాన్ని, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా రాసుకుంటున్న వీలునామా ఇది. బుద్ధి స్థిరంగానే ఉంది. ఆరేళ్లుగా స్థిరంగా లేనిది నిద్ర ఒక్కటే, దానికి చట్టంలో అభ్యంతరం లేదని దస్తావేజుల రైటరు గారు చెప్పారు. గురువారం నాకు గుండె ఆపరేషన్. భయపడాల్సింది ఏమీ లేదని డాక్టరు గారు అన్నారు. మరి అన్ని సంతకాలు ఎందుకు పెట్టించుకున్నారో ఆయనకే తెలియాలి.

నేను తిరిగి రాకపోతే నా కూతురు ఎవరి దగ్గర ఉండాలన్నదే ఇందులో అసలు సంగతి. వయసు ఆరు. పిచ్చుక అని పిలుస్తాం. మాటలు ఇంకా పొడిపొడిగానే వస్తున్నాయి. చప్పుళ్లు, వాసనలు, ఒంటికి తగిలే ప్రతిదీ మనకంటే పదింతలు తెలుస్తుంది ఆమెకు.

1. వంటింటి గోడ గడియారం పిచ్చుక తండ్రికి చెందవలెను. టిక్కుటిక్కుకి పిల్ల ఏడుస్తోందని నేను సెల్లు తీసేస్తే, గడియారం ఆడని ఇల్లు ఇల్లేనా అని ఆయన నెల రోజులు సాధించారు. తర్వాత వేరే ఊళ్లో పని చూసుకున్నారు. సెల్లు వేసుకుని హాయిగా వినవచ్చును. పిల్ల సంరక్షణ వదులుకుంటూ ఆయన ఇచ్చిన సమ్మతి పత్రం జతపరిచాను. ఆ ఒక్క సంతకానికి ఆయన ఆలస్యం చేయలేదు.

2. కుట్టుమిషను, పెద్ద కత్తెర, దారాల పెట్టె మా అక్కకు చెందవలెను. పిల్లను తనకే అప్పగిస్తానని అక్క నమ్మకం. పిచ్చుకంటే ఆమెకు ప్రాణం, కాదనను. కానీ వెనక నుంచి వచ్చి గట్టిగా వాటేసుకుంటుంది. వద్దే అంటే, అలవాటు చేస్తే అదే అలవాటవుతుంది అంటుంది. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. ఈ మాటలు రాయడానికి మూడుసార్లు కలం పక్కన పెట్టాను.

3. ఇనప్పెట్టెలోని ఏడు గౌన్లు పిచ్చుకవి. ఏడో ఏటి నుంచి పదమూడో ఏటి దాకా ఏడాదికొకటి. వీటి గురించి ఒక తప్పు ఒప్పుకోవాలి. మా పనిలో కుట్టు కనిపించకూడదు. లోపలికి దాచడమే పనితనం. మూడో పుట్టినరోజుకి లేసు, లోపల అస్తరు గుడ్డ వేసి, ఊరంతా మెచ్చుకునే గౌను కుట్టాను. తొడగ్గానే పీక్కుంటూ అరిచింది. బేరానికొచ్చిన వాళ్ల ముందు మొండితనమని చెంప మీద కొట్టాను. సాయంత్రం గౌను విప్పితే, నా కుట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో ఒంటి మీద అక్కడల్లా ఎర్రటి గీతలు. కుట్టిందీ నేనే, కొట్టిందీ నేనే. అప్పటి నుంచి ఆమె బట్టలకు కుట్లన్నీ బయటికే పెడుతున్నాను. కొత్త బట్ట వాసన పడదు కనుక, ఈ ఏడూ పదేసిసార్లు ఉతికి ఉంచాను.

4. పిచ్చుక సంరక్షణ మా అత్తయ్యకు, అంటే పిచ్చుక నానమ్మకు, అప్పగిస్తున్నాను.

చదివినవాళ్లు ముక్కున వేలేసుకుంటారని తెలుసు. నేను ఇంట్లో లేని ఒక రోజు, పరువు పోతోందని, గౌను తిప్పి కుట్లు లోపలికి పెట్టి తొడిగిన మనిషి ఆమె. ఆ రోజంతా పిల్ల గోడకు తల కొట్టుకుంది. ఆరు నెలలు ఆమెతో ముక్తసరిగా మాట్లాడాను. పూర్తిగా ఇప్పటికీ క్షమించలేదు. వీలునామాలో అబద్ధం ఎందుకు?

అయితే కొడుకు వెళ్లిపోయినా ఆమె వెళ్లలేదు. పోయిన చలికాలం వీధిలో పిల్లలు పిచ్చుక గౌను చూసి నవ్వారు. అత్తయ్య లోపలికెళ్లి తన స్వెట్టరు విప్పి, తిరగేసి తొడుక్కుంది. పిల్లకు చిటికెన వేలు అందించి ఎదురుగా ఉన్న పాల దుకాణానికి బయల్దేరింది. స్వెట్టరు తిరగబడిందని దుకాణం ఆయన చెబితే, “తెలుసు నాయనా, మా ఇంట్లో ఇలాగే తొడుక్కుంటాం” అంది. నేను పైనుంచి చూస్తున్నాను. నోటి నిండా గుండుసూదులు, ఏడవడానిక్కూడా వీల్లేదు.

5. అత్తయ్యకు అరవై ఆరేళ్లు. ఆమె తర్వాత సంరక్షణ అక్కది. అందుకని అక్క ఇప్పటి నుంచే వారానికోసారి వచ్చి, ఏమీ మాట్లాడకుండా, అరచేయి చాపి కూర్చోవడం నేర్చుకోవలెను. పిచ్చుకకు బుద్ధి పుడితే తన అరచేయి తెచ్చి నొక్కుతుంది. అదే ఆమె వాటేసుకోవడం. నాకు అది దొరకడానికి నాలుగేళ్లు పట్టింది, అక్కా. తొందరపడకు.

6. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత రైటరు గారిది.

7. చివరిది. నేను తిరిగి రాకపోతే, నా ఒంటికి తొడిగే బట్ట కుట్లు బయటికి ఉండేలా తొడగవలెను. పిచ్చుక చూసి నన్ను గుర్తుపట్టాలి. తప్పుగా తొడిగారని ఎవరైనా అంటే ఏం చెప్పాలో అత్తయ్యకు తెలుసు.

తేదీ: ఫిబ్రవరి పదకొండు, మంగళవారం.

సంతకం: పిచ్చుక వాళ్ల అమ్మ

సాక్షులు:
కింది వాటా ఇస్త్రీ ఆయన
పాల దుకాణం ఆయన