తలుపుకి అడ్డం పెట్టిన రాయి

మంగళవారం, మునిర్కా, ఢిల్లీ

చివరికి నేననుకున్నదే నిజమైంది. స్పితి కొండలు దిగేటప్పుడు బరువెక్కువైందని నా పీహెచ్‌డీ గైడ్ సార్ నా రాయిని తిప్పి చూసి, "వట్టి క్వార్ట్జ్, పడెయ్యమ్మా" అన్నారు. నేను స్వెటర్లో చుట్టి తెచ్చేశాను. అప్పట్నుంచీ గది తలుపు కొట్టుకోకుండా దాన్నే అడ్డం పెడుతున్నాం. పోయిన వారం క్వార్ట్జ్ ముక్కతో ఎంత గీసినా దాని మీద గీత పడలేదు, అంటే ఇది ఇంకా గట్టిది. ఓ పెళ్ళ కొట్టి ల్యాబ్‌కిచ్చాను. ఇవాళ రిపోర్టొచ్చింది. బెరిల్, పచ్చల జాతి ఖనిజం.

సార్ రెండుసార్లు చదివారు. "కొండలో ఇది దొరికిన రాతి చార ఎంత వెడల్పుంది?"

"జానెడు సార్."

"గనికి పనికిరాదు." కాగితం మడిచి, "ఠీక్ హై, ఖనిజాల మ్యాప్‌లో చుక్క పెడదాం. రిపోర్టు నువ్వే రాయి" అన్నారు.

రూమ్మేట్ శ్రావణి నోరు తెరిచింది. "తలుపుకి పచ్చ పెట్టామా?"

"పచ్చ కాదే, దాని బీద చుట్టం."

ఆ చార పక్కనే గొర్రెలు కాసే దీదీ మాకు టీ ఇచ్చింది. చుక్క చూసి ఎవరైనా తవ్వడానికెళ్తే ఆమె మేత నేల పోతుంది... జానెడేగా. ఎవరూ ఆశపడకుండా వెడల్పు మొదటి వాక్యంలోనే రాస్తాను.

రాయి ఇప్పుడు నా బల్ల మీదుంది. తలుపు గాలికి కొట్టుకుంటోంది. కొట్టుకోనీ.