బరువు పడ్డాకే బిగించాల్సిన బోల్టులు

బండ్ల సీట్లు కుట్టి బతికిన నేను, ఒళ్ళు సహకరించకపోయినా బుద్ధి నిలకడగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, మనస్ఫూర్తిగా రాసి ఉంచుతున్న వీలునామా ఇది. జబ్బు వెన్నెముకలోకి దిగిందని డాక్టరు చెప్పారు. తలలోకి దిగలేదని కూడా ఆయనే రాసిచ్చారు. ఆ కాగితం దీనికి జతపరిచాను.

దీన్ని అమలు జరిపే బాధ్యత నా స్నేహితురాలు లెక్కల టీచరుకు అప్పగిస్తున్నాను. ఆమె ఎవరి మొహమాటానికీ లొంగే మనిషి కాదు. నాకే చాలాసార్లు లొంగలేదు.

1. నా స్వార్జితమైన సీట్ల దుకాణం, తోలు కుట్టే పెద్ద మిషనుతో సహా, నా తమ్ముడి కూతురికి సర్వహక్కులతో చెందవలెను. ఆ మిషను అప్పుడప్పుడూ మొరాయిస్తుంది. తిట్టొద్దమ్మా. కాస్త నూనె వేసి ఆగితే దారికొస్తుంది. మన ఇంట్లో మనుషుల కంటే అదే నయం.

2. మా పెదనాన్న కొడుక్కి నా గ్రీజు మరకల ఏప్రను ఇస్తున్నాను. "ఆడదానివి, బండి కింద దూరడమేంటే?" అని నలుగురిలో అన్న మనిషి ఆయన. తన కారు సీట్లు మాత్రం నా చేతే కుట్టించుకున్నాడు. చేతులు తుడుచుకోవడానికి పనికొస్తుంది.

3. మేము నిప్పురవ్వ అని పిలిచే మా వెల్డరుకు నా పానాల పెట్టె. వెల్డింగు అద్దాలు పెట్టుకుని ఏడిస్తే ఎవరికీ తెలియదనుకుంటాడు. తెలుస్తుంది.

4. లెక్కల టీచరుకు నా నడుం వెనక పెట్టుకునే చిన్న దిండు. దాని గలీబు నేనే కుట్టాను, కానీ ప్రతిసారీ సరిచేసి పెట్టింది ఆమె చెయ్యి.

5. ఇక వ్యాను. నాకంటే కొద్దిగా చిన్నదైన ఆ బండిని మా నాన్న నా పేర రాసి వెళ్ళారు. నడిపింది, తుడిచింది, దానితో మాట్లాడింది మాత్రం నా తమ్ముడు. అది వాడి మనసులో ముల్లులా ఉందని నాకు తెలుసు. నా తదనంతరం ఆ వ్యాను ఏ షరతూ లేకుండా నా తమ్ముడికే చెందవలెను. షరతు లేదు గానీ, ఒక కోరిక ఉంది. దానికి ముందు ఆ బండి షెడ్డులో దిమ్మల మీద ఎందుకు నిలబడి ఉందో చెప్పాలి.

ఆసుపత్రికి ఆ వ్యానులోనే వెళ్ళేదాన్ని. దారిలో ప్రతి గుంటా నా వెన్నులోంచే పోయేది. నేను పళ్ళు బిగబట్టడం ఒకరోజు టీచరు చూసింది. ఆ వారమే ఆమె, నిప్పురవ్వ కలిసి బండికి కుదుపులు మోసే వంపు ఉక్కుపట్టీల కొత్త కమాన్ కట్టలు, కొత్త షాక్ అబ్జార్బర్లు తెచ్చారు. కంపెనీవి కావు, బయట చేసినవి, మెత్తగా సాగేవి. బిగించబోతే కమాను ఒక వేలెడు పొట్టిగా తేలింది. టీచరు లెక్కలు వేసింది. నిప్పురవ్వ ఆ లెక్కల్ని పక్కన పెట్టి, కమాను మీద ఎక్కి కూర్చున్నాడు. అది సాగి సరిగ్గా దాని చోట్లో పడింది, వాడు నేల మీద పడ్డాడు. ఆ నవ్వుకు నా నడుము చాలా రోజులు నొప్పెట్టింది. అయినా ఆ పూట నాకు ఎంతో సంతోషంగా ఉంది.

అప్పుడే తమ్ముడు వచ్చాడు. "నాన్న చేత్తో వేసిన కమాన్లు పీకేస్తారా? ఇంక ఇది నాన్న బండి కాదక్కా" అన్నాడు. "నాన్నే ఉంటే నా నడుం చూసి తనే విప్పేవాడురా" అన్నాను. తాళంచెవి బల్ల మీద పడేసి వెళ్ళిపోయాడు. ఉండేది పక్క వీధిలోనే. మందులు కూతురి చేత తప్పకుండా పంపుతాడు. మనిషి మాత్రం రాడు.

పాత కమాన్లను శుభ్రం చేసి, నూనె రాసి, మిగిలిన తోలులో చుట్టి బల్ల కింద పెట్టించాను. అవీ తమ్ముడివే. ఇష్టమైతే మళ్ళీ వేసుకోవచ్చు. ఎత్తిపొడవకుండా సాయం పడతామని స్నేహితులిద్దరూ నాకు మాటిచ్చారు.

6. నా కోరిక ఇది. కమాను చివర్లలో, బోల్టుల చుట్టూ, బుష్‌లనే రబ్బరు తొడుగులు ఉంటాయి. చక్రాలు గాల్లో వేలాడుతుండగా వాటి బోల్టులు బిగిస్తే, బండి దించగానే రబ్బరు మెలిపడి తొందరగా చిరిగిపోతుంది. బండిని నేల మీదికి దించి, ఎక్కాల్సినవాళ్ళంతా ఎక్కి కూర్చున్నాకే చివరి బిగింపు. బరువు పెట్టి బిగిస్తే చాలంటారు. ఎవరి చోట్లో వాళ్ళు కూర్చోవాలన్నది మాత్రం నా పట్టుదల. అందుకే ఆ బోల్టులు ఈ రోజుకీ వదులుగానే ఉన్నాయి. తమ్ముడి సీట్లో ఇసుక బస్తా పెట్టి పని కానిద్దామని నిప్పురవ్వ అన్నాడు. నేను ఒప్పుకోలేదు. బతికున్న మనిషి చోట్లో బస్తా పెట్టనివ్వను.

తమ్ముడూ, ఒక్కసారి వచ్చి స్టీరింగు ముందు కూర్చో. వెనక టీచరు కూర్చుంటుంది. కింద పడుకుని నిప్పురవ్వ బిగిస్తాడు. ఆ తర్వాత, ఇంజను చల్లారడానికి నాన్న బండి ఆపి మనిద్దరికీ టీ తాగించే ఆ వంతెన దాకా నడుపు. తిరిగొచ్చాక ఏ కమాన్లు ఉంచాలో నీ ఇష్టం. నువ్వు రావాలని నాకు చాలా ఉంది. ఇంకెలా రాయాలో తెలియడం లేదు.

నేనుంటే నీ పక్కన నేనే కూర్చుంటాను. లేకపోతే నా చోట్లో బస్తా పెట్టండి. నాకు అభ్యంతరం లేదు. ఇప్పటి నా బరువు చూసి మాత్రం ఇసుక పోయొద్దు. జబ్బు నన్ను సగం తినేసింది. బాగున్నప్పుడు ఎంతున్నానో అంత పోయండి. అదెంతో తమ్ముణ్ణి అడగండి. మొదటిసారి ఆసుపత్రిలో లిఫ్టు పనిచేయకపోతే, నన్ను చేతుల మీద ఎత్తుకుని పై అంతస్తు దాకా తీసుకెళ్ళింది వాడే.

తేదీ: మార్చి పద్దెనిమిది
సంతకం: సీట్ల దుకాణం అక్క

ఈ వీలునామా వల్ల ఏమీ పొందనివారమై, ఆమె మా ఎదుటే చదివి సంతకం చేయగా చూసిన సాక్షులు:
1. వీధి మొదట్లో మందుల షాపు యజమాని
2. పై వాటాలో ఉండే నర్సు