చెవి వెనక చుక్క

పిచ్చుకా,

ఫోన్ చేస్తే మీ అమ్మే తీస్తుంది. అక్క గొంతు వినే ధైర్యం లేక ఉత్తరం రాస్తున్నాను.

మా పార్లర్‌కి ఎవరొచ్చినా కొత్త క్రీమ్ ముందు చెవి వెనక ఒక్క చుక్క రాసి, ఒక రోజు ఆగి, మంట లేదంటేనే మొహానికి పూస్తాను. పదకొండేళ్లుగా ఎవరికీ ఆ పని మానలేదు. నీకు మాత్రం మానేశాను. మన పిల్లే కదా అనుకున్నాను. నువ్వు "పిన్నీ, మండుతోంది" అంటే, "ఓర్చుకోవే, మొటిమలు చస్తున్నాయి" అని నవ్వాను కూడా. కాసేపటికే నీ మొహమంతా ఎర్రగా కందిపోయింది.

నిన్న చర్మం డాక్టరమ్మకి జరిగిందంతా చెప్పాను. ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "మొటిమలకి తొందర పనికిరాదమ్మా. ముందు ఆ ఎరుపు తగ్గనివ్వండి. ఘాటులేని సబ్బుతో రెండుపూటలా కడగాలి, గిల్లకూడదు. పాపని తీసుకొస్తే చూసి మందిస్తాను. రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి" అంది. శనివారం పది గంటలకి నీ పేరు రాయించాను.

అసలు సంగతి ఇంకా రాయలేదు. ఆ రోజు అక్క "ఏమైందే దీని మొహానికి?" అని అడిగితే, నువ్వే ఏదో పూసుకున్నావని చెప్పాను. నీ ఎదురుగానే చెప్పాను. అక్క నిన్ను చెడామడా తిడుతుంటే నువ్వు నా వంక ఒక్కసారి చూసి తల దించుకున్నావు.

చదివాక ఇది దాచకు, చింపకు. అమ్మ చేతికివ్వు.

పిన్ని