డాక్టరు గారి ఆత్మకథలో చివరి అధ్యాయం

చింతాద్రిపేట,
మంగళవారం.

డాక్టర్ పురుషోత్తానికి,

పోయిన నెల నాకు గుండెలో స్టెంట్ వేశారు. నీకు కావాలనే చెప్పలేదు. నా కీళ్లవాతం తెచ్చిన వాపు రక్తనాళాల గోడల్లోనూ రగిలి, దారిని ఇరుకు చేసిందట. కొవ్వు దొంగయితే, లోపలినుంచి గడియ తీసేది ఈ వాపేనట. రెండేళ్ల కిందటి రక్తపరీక్షలోనే అది బయటపడింది. ఆ కాగితం చూసి నువ్వేమన్నావు?

"ఏందిరా, నీ కొలెస్టరాలు నాకుంటే రోజూ ఆడా ఈడా నెయ్యి దోసెలు తింటా తిరుగుదును. పొయ్యి నా ఆత్మకథ రాయి పో!"

ఆ కాగితం అంచున నువ్వు రాసుకున్న ముక్క ఆసుపత్రిలో ఎవరికీ అర్థం కాలేదు. కోడి కెలికినట్టుండే నీ రాత చదవగలిగేది మీ మందుల షాపువాడూ, నీ డైరీలన్నీ చదివి నీ పేరుతో పుస్తకం రాసిన నేనూ మాత్రమే. నువ్వు రాసుకున్నది ఇదీ: "ఇప్పుడు చెబితే మంచమెక్కుతాడు. పుస్తకం అయినాక చెప్పాలి."

యాభై ఏళ్ల స్నేహంరా మనది.

పుస్తకం అయింది. ఎప్పటిలాగే ప్రూఫులు చదవకుండా సంతకం పెట్టావు, కాపీలన్నీ అచ్చయ్యాయి. చివరి అధ్యాయంలో ఈ సంగతంతా "నేను" అంటూ నీ గొంతుతోనే రాశాను. ఆదివారం ఆవిష్కరణ సభలో నిన్ను ఆ అధ్యాయమే చదవమంటారు. కళ్లజోడు మరిచిపోకు.

నీ పుస్తకం రాసినవాడు