దస్తగిరి ఎద్దులు, నా రెండో బ్యాటరీ

ఏప్రిల్ 2

మళ్ళీ అదే. బండలాగుడు ఇంకా అయిపోలేదు, డ్రోన్ దిగిపోయింది. ఎర్ర లైటు, కుయ్‌కుయ్‌మని ఏడుపు, దిగడం. ఎంత తిట్టినా దిగడమే. ఫోన్లలో లైవ్ చూస్తున్న జనానికి చివర్లో కనబడింది ఎద్దులు కాదు — కంపచెట్టు కింద మూతి నాక్కుంటున్న మేక.

కామెంట్లు చదివాను. "మేకకు ఫస్ట్ ప్రైజ్ ఇయ్యండప్పా" అని ఎవడో. నేను అనాల్సిన మాట వాడు అన్నాడు. అందుకు ఇంకా మంట.

అసలు మంట అది కాదులే. దస్తగిరి ఎద్దులు ఆఖర్న లాగిన లాగును కొలతలో కలపలేదు. గంట కొట్టాక లాగాయట. కొట్టక ముందే లాగాయి, ఈ కళ్ళతో చూశాను. కమిటీ వాళ్ళ మాట — "నీ వీడియోలో చూపియ్యప్పా నాగన్నా, ఒప్పుకుంటాం." వీడియోలో ఏముంది, మేక. ఓబుల్‌రెడ్డి ఎద్దులు మొదటి స్థానం. దస్తగిరివి జానెడు తేడాతో రెండు. ఓబుల్‌రెడ్డి పోతూ పోతూ నా దగ్గర ఆగి "మేక మాత్రం శానా బాగుండాది" అన్నాడు.

నవ్వాల్సి వచ్చింది. పళ్ళు నొప్పి పుట్టాయి.

ఏప్రిల్ 4

దస్తగిరి వచ్చాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. టీ తాగి గ్లాసు కడిగి బోర్లించాడు, పరాయి ఇంటికి వచ్చినట్టు.

"మైదుకూరు అవతలి తిరునాళ్ళు ఒకటుండాది బావా. దాంట్లో ఫస్ట్ రాకపోతే జత అమ్మేస్తా. నంద్యాల బేరగాడు ఊరికే ఫోన్ చేస్తాండాడు."

ఎందుకురా అన్నాను.

"నా మోకాళ్ళు పోయినాయి. గెలిచే జతైతే మా తమ్ముడు చెయ్యేస్తానన్నాడు. ఓడే జతను నేనొక్కన్నే యాడ సాకేది?"

పాలపళ్ళ దూడలప్పుడు తెచ్చుకున్న జత. వాటిలో సుల్తాన్‌కు జ్వరమొస్తే దస్తగిరి పెళ్ళాం మాబున్ని తన కొత్త దుప్పటి కప్పింది. ఆ దుప్పటి గురించి మొగుడూ పెళ్ళాలు ఇప్పటికీ పోట్లాడుకుంటారు. అమ్ముతాడట.

ఏప్రిల్ 5

ఆ తిరునాళ్ళలోనూ ఓబుల్‌రెడ్డి ఉంటాడు. కొలత దగ్గర మళ్ళీ గొడవ ఉంటుంది. ఈసారి గంట కొట్టేదాకా పైన నా కన్ను ఉండాలి. ఇరవై నిమిషాల పందెం. నా డ్రోన్ ముసలిదైపోయింది, గాలి ఉంటే అంతసేపు నిలవదు. కొత్తది కొనే మొహమా ఇది.

ఒక బ్యాటరీకి అంతే ఊపిరైతే ఇంకోటి మోయిస్తా. పెళ్ళి వీడియోల కాలం నాటి డ్రోన్ అటక మీద ఉంది, రెక్కలు విరిగి. దాని బ్యాటరీ బతికే ఉంది. తీగలు కలిపి రెండింటినీ పక్కపక్కన తాగిస్తే సరి.

టెన్త్ మూడుసార్లు రాసి మూడుసార్లూ పోయినవాడిని. ఈ పరీక్ష మాత్రం పోను.

ఏప్రిల్ 7

గుట్టల వెనక సాధన. ఓర్వకల్లు వైపు ఎగరేస్తే విమానాశ్రయం వాళ్ళు లోపలేస్తారు, అందుకని ఇవతలికి వచ్చాం.

సంక్రాంతి పోయినప్పటి నుంచి ఇదే వరస. పోయిన ఏడాది ఎవడి డ్రోన్‌కో బెదిరి ఎద్దులు బాట దాటాయి. ఆ సద్దు వాటికి అలవాటు కావాలని దస్తగిరి పట్టు. నేను డ్రోన్ లేపుతాను, వాడు బండకు కొక్కెం తగిలిస్తాడు. బ్యాటరీ అయిపోయి అది ఎద్దుల పక్కన దిగితే ఆ పూటకు సాధన అయిపోయినట్టు. మాబున్ని ఉడికించిన ఉలవల గంప తెస్తుంది. వేరే గడియారం ఎందుకు, డ్రోనే గడియారం.

ఇవాళా పాత బ్యాటరీతోనే. రెండోది ఇంకా కట్టలేదు.

ఏప్రిల్ 9

కట్టాను. వీపు మీద పెట్టి టేపు చుట్టాను. లేచింది, వెనక్కి వాలింది, కడుపుతో ఉన్న దోమలాగా అటు తూలి ఇటు తూలి పేడకుప్పలో పడింది.

నా పెళ్ళాం లక్ష్మిదేవి గడప మీద కూర్చుని అంతా చూసింది. "ఆ రెండోది నీ బుర్రకు కట్టుకోకూడదా" అంది.

దీని నోటికి బ్యాటరీ ఎవడు పెట్టాడో. అయిపోదు.

ఏప్రిల్ 10

టేపు ఎండకు కరిగి జారింది. వెధవ టేపు. వెధవ ఎండ.

ఏప్రిల్ 11

ఈసారి పొట్ట కింద, సరిగ్గా నడుమ. పంక్చర్ షాపు నుంచి ట్యూబు రబ్బరు తెచ్చి బిగించాను. డ్రోన్ అడుగున ఉండే సెన్సర్ కళ్ళు మూసుకుపోకుండా కొంచెం పక్కకు.

దిగలేదు. పందెం ఎంతసేపో అంతసేపూ ఉంది, ఇంకా పైన ఉంది. నేనే దించాను, చాలించమని.

దస్తగిరి మొహం చూడాలి. "ఏం పట్టు పట్టినాయి బావా. ఆగనే ఆగవు. ఇంకా లాగుతాండాయి." ఎప్పుడూ ఆగేచోట ఎద్దులు ఆగలేదు. మాబున్ని గంప పట్టుకొని అంతసేపూ నిలబడింది.

చాలా రోజులకు అన్నం రుచిగా ఉంది.

ఏప్రిల్ 13

టీ కొట్టు దగ్గర అందరిదీ ఒకటే పాట. "ఈసారి ఏం కోతిపని పెట్టుకున్యావప్పా?" పోయిన ఏడాది డ్రోన్‌కు తెల్లపంచె కట్టి గుట్టల మీద తిప్పాను. ఊరంతా దయ్యమని పొద్దు వాలితే తలుపులు వేసుకున్నారు. పూజారి గుట్టకు పోయి నీళ్ళు చల్లి వచ్చాడు. అది నా బతుకులో చేసిన మంచి పని, దానికి సిగ్గేమీ లేదు.

కానీ ఇది ఆట కాదని చెబితే ఒక్కడూ నమ్మడు. "అట్లనేలే" అని కన్ను కొడతారు.

దస్తగిరి కూడా. "ఈసారి మాత్రం ఆటలొద్దు బావా." వాడూ ఆ మాట అంటాడని అనుకోలేదు. సుల్తాన్ నుదుటి మీద చెయ్యి పెట్టి ఏ ఆటలూ లేవులేరా అన్నాను.

ఏప్రిల్ 16

రెండు బ్యాటరీలూ నిండాయి. సమానంగా. తెల్లారి ప్రయాణం.

ఏప్రిల్ 17

ఇవాళ రాయను.

ఏప్రిల్ 18

రాయకపోతే కడుపు పగిలేట్టుంది.

ఓబుల్‌రెడ్డి ఎద్దులు ముందు లాగాయి. అవి ఆగినచోట జెండా పాతారు. తర్వాత దస్తగిరి జత. ఎలపట సుల్తాన్, దాపట రాజు. ఎట్లా లాగాయో ఏం రాసేది... బండ కింద మట్టి పొగలాగా లేచింది. ఇంకొక్క మలుపు తిరిగితే జెండా దాటేస్తాయి. దాటేస్తాయని మైకువాడే అంటున్నాడు. డ్రోన్ పైన నిక్షేపంగా ఉంది. తెరమీద బ్యాటరీ సగానికి పైగా చూపిస్తోంది.

ఉన్నట్టుండి సగం కాస్తా అడుగుకు పోయింది. ఎర్ర లైటు. కుయ్‌కుయ్.

రిమోట్ పుల్ల పైకి తోశాను. వినదు. పక్కకు తోశాను. కొంచెం జరిగి దిగుతోంది. ఎటు జరిగింది — ఎద్దుల పక్కకే. రోజూ గుట్టల వెనక దిగినట్టు.

ఎద్దులు ఆగిపోయాయి.

బెదరలేదు. బెదిరినా బాగుండేది. ఆగాయి, అంతే. కాడి కింద నుంచి మెడలు తిప్పి, నాలుకలు బయటపెట్టి, గంప కోసం చూశాయి. చెర్నాకోల ఝళిపించారు. ఈలలు వేశారు. తోకలు మెలేశారు. కదలవు. సాధన అయిపోయింది కదా వాటికి, ఉలవలు రావాలి. రాజు ఇటు తిరిగి నన్నే చూశాడు, ఏమిరా గంప ఏదిరా అన్నట్టు. సుల్తాన్ నిలబడి ఉచ్చ పోశాడు.

గంట కొట్టారు.

మైకువాడు — "నాగన్న బ్రేకు వేసినాడప్పా, నాగన్న బ్రేకు." తిరునాళ్ళంతా నవ్వు. ఓబుల్‌రెడ్డి మనుషులు వచ్చి నా భుజం మీద తువ్వాలు వేశారు. "ఏం తెలివప్పా నీది. ఎన్ని దినాల నుంచి నేర్పిస్తాండావు వాటికి?" నేను కాదంటే ఇంకా నవ్వారు. నేను కాదు, నేను కాదు అని చెప్పిన ప్రతిసారీ నా బతుకులో అది నేనే. ఈ ఒక్కసారి కాదు. ఈ ఒక్కసారి కాదని ఏ భాషలో చెప్పాలి.

దస్తగిరి కొక్కెం ఊడదీసి, ఎద్దుల్ని తోలుకొని, నా ముందునుంచే పోయాడు. నేను చెట్టో చేమో అన్నట్టు.

ఏప్రిల్ 19

విప్పి చూశాను. రెండో బ్యాటరీ తీగ అతుకు దగ్గర ఊడింది. అదురుకు. ముసలి పై బ్యాటరీ, అంత బరువూ ఒక్కసారి మీద పడేసరికి చచ్చింది. రెండోది సగానికి పైగా నిండే ఉంది. నెత్తిన సద్ది మూట పెట్టుకొని ఆకలితో పడిపోయిందన్నమాట.

ఆ అతుకు వేసిన చేతిని విరగ్గొట్టాలి. నా చెయ్యే అది.

ఫోన్ చేశాను. ఎత్తడు.

ఏప్రిల్ 20

ఓబుల్‌రెడ్డి మనిషిని పంపాడు. గెలిచిన ఎద్దుల ఊరేగింపు వీడియో నేనే తీయాలట. స్టేజీ మీద నాకు శాలువా కూడానట.

"ఆ శాలువా ఎద్దులకు కప్పమను మీ రెడ్డిని. లాగింది అవి, నేను గాదు."

"అట్లంటే ఎట్లప్పా, సగం గెలుపు నీదే కదా" అని నవ్వుతూ పోయాడు వాడు.

చెప్పు విసిరాను. తగల్లేదు. అదీ సరిగ్గా చేతకాలేదు.

ఏప్రిల్ 21

దస్తగిరి ఇంటికి పోయాను. ఊడిన తీగ, బ్యాటరీ, అన్నీ సంచిలో వేసుకొని. పంచాయితీకి పోయినట్టు.

వాడు గడ్డి కోస్తున్నాడు. తల ఎత్తలేదు. నేనే మొత్తం చెప్పాను — తీగ, అతుకు, బరువు, ఎర్ర లైటు. వాడి ముందు బ్యాటరీ పెట్టి చూపించాను. మాబున్ని కొట్టం గుంజకు ఆనుకొని వింటోంది.

"తీగ ఊడింది, సరే బావా" అన్నాడు చివరికి. "నమ్ముతాండా."

ప్రాణం లేచి వచ్చింది. మరి అట్లున్నావేందిరా అన్నాను.

"నవ్వితివే నువ్వు."

ఎప్పుడురా?

"ఎద్దులు గంప కోసం చూస్తాంటే. నేను తలకాయ పట్టుకొని నీ పక్క చూస్తిని, ఏమన్నా జేస్తావేమోనని. నువ్వు నవ్వుతాండావు."

నేను నవ్వలేదు అన్నాను. గట్టిగా అన్నాను. అరిచాను అనాలి. ఎద్దులు కూడా తల తిప్పాయి.

"అట్లనేలే" అన్నాడు వాడు.

ఏప్రిల్ 22

లైవ్ మొత్తం మళ్ళీ చూశాను. డ్రోన్‌కు చెవులు లేవు, కింద నా ఫోన్‌కు ఉన్నాయి. ఎద్దులు ఆగుతాయి. ఈలలు. చెర్నాకోల. ఆ తర్వాత నా ఫోన్ పక్కనుంచే, మైకువాడు నోరు తెరవకముందే, అందరికంటే ముందు —

నా నవ్వే అది. పీక పిసికినా తప్పించుకొని వచ్చినట్టు.

ఇంకోసారి పెట్టాను. అదే.

ఎవరికైనా వస్తుంది. మెడలు అట్లా తిప్పితే ఎవరికి రాదు? నా పెళ్ళిలో తాళి జారిపడితే నవ్వాను. మా నాయన పాడె మీద కాకి వాలితే నవ్వాను. నవ్వు నన్ను అడిగి రాదు. ఇది దస్తగిరికి తెలియదా, నలభై ఏళ్ళ నుంచి చూస్తున్న మొహం కాదా ఇది.

తెలిసే అన్నాడు. అదే మంట.

ఏప్రిల్ 24

ఓర్వకల్లు బస్టాండులో మాబున్ని. కొంగు సర్దుకొని దగ్గరికి వచ్చింది.

"రేపు బేరగాడు వస్తాండాడు నాగన్నా. ఊరికే చూసి కొనడంట. బండ కట్టి లాగిచ్చి చూస్తాడంట."

దస్తగిరి నన్ను రావొద్దన్నాడా అన్నాను.

"అన్నాడు." బస్సు వైపు చూస్తూ — "నేను రమ్మంటాండా. ఉత్త చేతులతో మాత్రం రాగాకు."

అంతే. బస్సెక్కింది.

ఏమంది ఈమె? ఏమందో నాకు తెలుసు. తెలియదని రాసుకుందామనుకున్నాను, ఈ పుటకు కూడా అబద్ధం చెబితే ఎట్లా.

తీగ కలపనక్కర్లేదు. ఒక్క బ్యాటరీ, అదీ సగమే నింపితే చాలు. బేరగాడు చూస్తుండగా డ్రోన్ దిగుతుంది. ఎద్దులు ఆగుతాయి. మొండి ఎద్దులని వాడు లారీ తిప్పుకొని పోతాడు. జత దస్తగిరి కొట్టంలోనే ఉంటుంది. ఇంత సులువైన పని నేను ఎప్పుడూ చేయలేదు.

చేస్తే మాత్రం మొన్నటిదీ నేనే చేశానని అవుతుంది. ఇంక బ్రహ్మదేవుడు వచ్చి తీగ చూపించినా.

చేయకపోతే ఎద్దులు నంద్యాల పోతాయి. వీడు ఖాళీ కొట్టం ముందు కూర్చుని కట్టుగుంజను చూస్తుంటాడు. నామీద మంచివాడని ఒక ముద్ర మిగులుతుంది. దాన్ని నాక్కోవాలి నేను.

మాబున్ని మీద కూడా కోపం వస్తోంది. మంచితనం కావాల్సి వస్తే ఊళ్ళో ఎవడూ నా దగ్గరికి రాడు. ఇట్లాంటిదానికే వస్తారు.

ఏప్రిల్ 25

గుట్ట కింద గుండురాయి మీద కూర్చుని రాస్తున్నాను. రాయి అప్పుడే కాలుతోంది.

లారీ వచ్చింది. బేరగాడు దిగి ఎద్దుల పళ్ళు చూశాడు, గిట్టలు చూశాడు, వీపులు చరిచాడు. రాజు వాడిని తన్నబోయాడు. శభాష్ అనుకున్నాను.

డ్రోన్ సంచిలోనే ఉంది. సంచి మూతి విప్పాను.

దస్తగిరి కాడి ఎత్తి మెడల మీద పెట్టాడు. అప్పుడు చూశాడు నన్ను. సంచిని చూశాడు. పొమ్మని చెయ్యి ఊపుతాడనుకున్నాను. ఊపలేదు.

"కానీప్పా, ఎండ ముదురుతాండాది" అంటున్నాడు బేరగాడు.

దస్తగిరి తలగుడ్డ విప్పాడు. దులిపాడు. చుట్టుకున్నాడు. మళ్ళీ విప్పుతున్నాడు. బండకు కొక్కెం ఇంకా తగిలించలేదు, సాధనలో నేను డ్రోన్ లేపేదాకా ఆగినట్టు.