బ్యానర్ బోర్లా, దండ ఇంట్లో

శారదా, మజ్జిగ ఫ్రిజ్‌లో ఉంది. నాలుగింటికల్లా పెండిల్ హిల్ హాలుకి పట్టుకురా.

నీ బ్యానర్ నేను తీసుకెళ్తున్నా, కట్టడానికి కాదు. "తాగుడు మానిన మా తమ్ముడు పాండురంగకు అభినందనలు" అని ఫొటోతో సహా వేయిస్తావా తల్లీ! అక్కడ మీటింగుకి ఎవరొస్తారో బయటికి పొక్కకూడదన్నదే వాళ్ల మొదటి నియమం. మన ఏరియా కౌన్సిల్ గ్రాంటిచ్చింది మందు మానేవాళ్ల టీనీళ్లకి, మన గ్రాండు ఊరేగింపుకి కాదు.

కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న వైటూకేకి బెదరనివాడు పొద్దున అది చూసి "బావా, నేను రాను" అన్నాడు. ఇవాళే కదా మొదటిసారి నలుగురిలో నోరు విప్పాల్సింది! తిరగేసి టీబల్ల మీద పరుస్తానని ఒట్టేసి కారెక్కించాను.

మీ ఆయన

నువ్వు కొన్న దండ మాత్రం తేకు. రాత్రి ఇంట్లో మనమే వేద్దాం. ఫొటోకి పడాల్సిన దండ మనిషికి పడుతోంది, అదే పదివేలు.